ట్రోమ్సో సంగీతోత్సవంలో వాయిద్యానికీ కెమెరాకూ తీసుకోవలసిన జాగ్రత్తలు

నార్వేలో ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో 1988 నుంచి ఏటా శీతాకాలంలో, జనవరి చివరన, నార్తర్న్ లైట్స్ (ధ్రువకాంతులు, అంటే ధ్రువప్రాంతపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు) పేరిట నార్తర్న్ లైట్స్ ఫెస్టివల్ అనే సంగీతోత్సవం జరుగుతోంది. వెచ్చని సముద్ర ప్రవాహాల వల్ల అక్కడి చలి ఆ అక్షాంశానికి తక్కువే. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు కొద్ది డిగ్రీలే దిగువన ఉంటుంది. అందుచేత వాయిద్యాన్నీ కెమెరానూ ఎక్కువగా దెబ్బతీసేది చలిలోంచి వేడిచేసిన హాలులోకి తీసుకువచ్చి వెంటనే పెట్టెలోంచో సంచిలోంచో తీయడమే.

వాయించేవారు కచేరీకి గంటన్నర ముందే చేరుకొని, వాయిద్యపు పెట్టె, గది వెచ్చదనానికి వచ్చేదాకా మూత తీయకూడదు. బయటి చల్లగాలిలో తేమ చాలా తక్కువ. దాన్నే లోపల వేడిచేస్తారు కాబట్టి హాలు బాగా పొడిబారి, వయొలిన్ కొయ్య కుంచించుకొని బిరడలు జారుతాయి, ఒక్కోసారి పై పలకే చిట్లుతుంది. పెట్టెలో తేమనిచ్చే చిన్న హ్యుమిడిఫయర్ ఉంచడం తప్పనిసరి. క్లారినెట్, ఓబో వంటి కొయ్య ఊదు వాయిద్యాల్లోకి, కొయ్య చల్లగా ఉండగా, వెచ్చని ఊపిరి గట్టిగా ఊదితే గొట్టం బీటలు వారుతుంది. ముందు చేతులతో వెచ్చబెట్టి, తర్వాత మెల్లగా మొదలుపెట్టాలి. వీణ తీసుకువెళ్లేవారు ఇంకా జాగ్రత్తపడాలి: మెట్లను నిలిపే మైనం చలికి పెళుసుబారుతుంది గనుక, శ్రుతి చేసే ముందు మెట్లన్నీ తడిమి చూసుకోవాలి.

ఫొటోలు తీసేవారు బయట ఉండగానే మెమరీ కార్డు తీసి జేబులో వేసుకొని, కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి లోపలికి తేవాలి. అప్పుడు చెమ్మ లెన్సు మీద కాక సంచి మీద చేరుతుంది. అదనపు బ్యాటరీలు ఒంటికి ఆనుకున్న జేబులో ఉండాలి. నా ఉద్దేశంలో కచేరీ కన్నా, నిర్వాహకుల అనుమతితో రిహార్సల్‌ను చిత్రించడమే మేలు, ఎందుకంటే సన్నని స్వరం నడుస్తుండగా షట్టర్ చప్పుడు శ్రోతలకూ కళాకారులకూ అన్యాయం చేస్తుంది. సైలెంట్ షట్టర్ వాడితే కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద చారలు పడతాయి, ముందే పరీక్షించుకోవాలి.

ఉత్సవం జరిగే రోజుల్లో మధ్యాహ్నమే పొద్దుగుంకి, నీలి సంధ్య చాలాసేపు నిలుస్తుంది. 1965లో కట్టిన త్రికోణాకారపు ఆర్కిటిక్ కెథీడ్రల్ అనే చర్చిని లోపలి దీపాలు వెలుగుతుండగా తీయడానికి అంతకంటే మంచి సమయం లేదు. ధ్రువకాంతులకు ట్రైపాడ్, లెన్సు రంధ్రం (అపెర్చర్) ఎఫ్ 2.8, కాంతిగ్రహణ స్థాయి ఐఎస్‌ఓ 1600, షట్టర్ ఐదు నుంచి పది సెకన్లు మొదటి ప్రయత్నానికి సరిపోతాయి. ఫోకస్ ఏదైనా నక్షత్రం మీద చేతితో కుదుర్చుకోవాలి. కళాకారులను ముందు నిలిపి తీయాలంటే అంతసేపూ కదలవద్దని చెప్పాలి, వాయిద్యాన్ని మాత్రం హాలులోనే ఉంచి రమ్మనాలి. భుజాన ఖాళీ పెట్టె ఉన్నా చిత్రానికి లోటు రాదు.