కుక్క బొచ్చుతో నూలు వడికే ముందు చూసుకోవాల్సినవి

శివరాత్రి దాటి ఎండలు ముదిరితే పామేరియన్ లాంటి కుక్కలు బొచ్చు కుప్పలుగా రాలుస్తాయి. దాన్ని పారేయకుండా వచ్చే చలికాలానికి మఫ్లర్ అల్లుకుందాం అనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

మిషన్ పెట్టి గొరగొద్దు, దువ్వి తీయండి. వెచ్చదనమిచ్చేది అడుగున ఉండే మెత్తటి నూగే. గొరిగితే పై గరుకు వెంట్రుకలూ కలిసి మెడకు గుచ్చుకుంటాయి, పైగా కొన్ని కుక్కలకు ఆ బొచ్చు మళ్లీ సరిగా రాదు, మన పాలమూరు ఎండకు పాపం వాటి చర్మం కాలిపోతుంది.

వేడినీళ్లలో రుద్దొద్దు. అట్టకట్టిందంటే ఇక విడదీయలేం. గోరువెచ్చని నీళ్లలో షాంపూ వేసి నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా నీడన ఆరేయండి.

పిడుదుల మందు పూసిన రోజుల్లో దువ్విన బొచ్చు వద్దు, అది ఒంటికి తగిలే బట్ట.

వేలెడు పొడవు కూడా లేని పోగులు పక్కన పెట్టండి, నూలులోంచి ఊడిపోతాయి.

కేవలం కుక్క బొచ్చుతోనే స్వెట్టర్ అల్లొద్దు. దానికి సాగి మళ్లీ ముడుచుకునే గుణం లేదు, వేసుకునేకొద్దీ కిందికి జారుతుంది. గొర్రె ఉన్ని కలపాలి. గొంగళ్లు నేసే కురుమల దగ్గర దొరికే దక్కనీ ఉన్ని గట్టిదే కానీ గరుకు, దుప్పటికైతే బాగుంటుంది, మెడకు చుట్టుకునేదానికి మెరినో గొర్రెల మెత్తటి ఉన్ని కలపండి.

తడి పూర్తిగా ఆరాకే పాత దిండు గలీబులో దాచండి, ప్లాస్టిక్ కవర్లో ముక్క వాసన పట్టేస్తుంది.