స్పీచ్ టెస్ట్ (మాటలు వినిపించి తిరిగి చెప్పించే వినికిడి పరీక్ష) మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

- ముందు చెవిలోకి లైట్ వేసి చూడండి. గులిమి అడ్డంగా ఉంటే అది తీయించాకే టెస్ట్.

- ప్యూర్ టోన్ టెస్ట్ (బీప్ శబ్దాలతో చేసే వినికిడి పరీక్ష) అయిపోయుండాలి. అందులో 500, 1000, 2000 హెర్ట్జ్‌ల యావరేజ్‌కీ సగం మాటలైనా సరిగ్గా తిరిగి చెప్పగలిగే అతి తక్కువ శబ్దానికీ, అంటే మాటల థ్రెషోల్డ్‌కీ 10 డెసిబెల్స్ మించి తేడా వస్తే ఎక్కడో తేడా కొట్టినట్టే, మళ్లీ చెయ్యండి.

- రికార్డింగ్ వాడితే 1000 హెర్ట్జ్ టోన్ పెట్టి వీయూ మీటర్ (శబ్దం స్థాయి చూపించే మీటర్) ముల్లు సున్నా మీదకి తెచ్చుకోండి.

- మైక్‌లో మీరే చదువుతుంటే మీ నోరు అవతలివాళ్లకి అస్సలు కనబడకూడదు. ఒక పెద్దాయన టెస్ట్ గది కిటికీ అద్దంలోంచి నా పెదాలే చూస్తూ 25 మాటల్లో 22 చెప్పేశారు, నాకు డౌటొచ్చి పేపర్ అడ్డం పెట్టి వేరే లిస్ట్ చదివితే 13 దగ్గర ఆగిపోయారు, ఆ 22 నమ్మి రిపోర్ట్ ఇచ్చుంటే ఆయనకెంత అన్యాయం జరిగేదో.

- లిస్ట్ వాళ్ల ఇంటి భాషలోదే కావాలి. ఇంగ్లిష్ రానివాళ్లకి ఇంగ్లిష్ మాటలు పెడితే చెవిని కాదు, చదువుని కొలిచినట్టు. తెలుగులో కూడా ఒక ఊళ్లో ఆనపకాయ ఇంకో ఊళ్లో సొరకాయ కదా, అందుకే అందరికీ తెలిసిన మాటలే ఉన్నాయా అని చూసుకోండి.

- రెండో చెవి బాగా వినబడుతుంటే మాస్కింగ్ (ఆ చెవిలో హోరు శబ్దం పెట్టడం) మర్చిపోవద్దు, లేదంటే మంచి చెవే జవాబు చెప్పేస్తుంది.

- 25 మాటల లిస్ట్‌లో ఒక్కో మాట 4 శాతం, రెండు తప్పితేనే 8 శాతం పడిపోతుంది. అందుకే పోయినసారి కన్నా రెండు మాటలు తగ్గాయని పేషెంట్‌ని భయపెట్టకండి.

- "సరిగ్గా వినబడకపోయినా అనిపించింది చెప్పండమ్మా, తప్పయినా పర్లేదు" అని ముందే చెప్పండి, చాలామంది మొహమాటంతో నోరు విప్పరు.