ఎల్‌ఈడీ వెలగట్లేదా? చిప్ మార్చే ముందు రెగ్యులేటర్ లెక్క చూడండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద మేం పెట్టే డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పెట్టెలో పెద్ద సరంజామా ఏమీ ఉండదు. లైనక్స్ నడిచే చిన్న ఏఆర్‌ఎం బోర్డు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్, మూడు రంగుల ఎల్‌ఈడీ, దాన్ని నడిపే ఒక ఐ2సి చిప్ (ఐ2సి అంటే బోర్డుతో రెండు తీగల మీద మాట్లాడే పద్ధతి). తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఎర్ర లైటు వెలగాలి, కాపలా మనిషి చూసి ఇంకో ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) వెయ్యాలి. ఆ లైటు వెలగకపోతే మిగతాదంతా ఎంత బాగా పనిచేసినా దండగే.

మొదట్లో లైటు వెలగలేదని ఫోన్ వచ్చిన ప్రతిసారీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బయల్దేరేవాళ్లం. చెరువు తేమకి చిప్ కాళ్లు తుప్పు పట్టి ఉంటాయని మా నమ్మకం. కొన్ని నిజంగానే తుప్పు. ఎక్కువ మటుకు మాత్రం తప్పు మా డ్రైవర్‌లోనే (చిప్‌ని నడిపే ప్రోగ్రామ్), అది కెర్నల్‌ని, అంటే లైనక్స్ గుండెకాయని, కరెంటు అడిగే చోట ఉంది.

మన డెల్టాలో రెగ్యులేటర్ అనగానే గుర్తొచ్చేది కాలువ మీద గేట్లే కదా. కెర్నల్‌లో చిప్‌లకి కరెంటు సరఫరా చూసుకునే రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ కూడా ఆ గేటు దగ్గర నీళ్లు వదిలే లస్కర్ లాంటిదే. 2008లో 2.6.27 కెర్నల్‌తో వచ్చింది. కింద ఎన్ని బోదెలకి నీళ్లు కావాలో లెక్క పెట్టుకుంటుంది. ఒక్కరికి కావాలన్నా గేటు ఎత్తే ఉంచుతుంది, ఎవరూ అడగకపోతే దించేస్తుంది. నోటితో అడగకుండా నీళ్లు వాడుకునేవాడు ఆ లెక్కలో ఉండడు.

ఆ లెక్క కనపడే చోటు డీబగ్‌ఎఫ్‌ఎస్, అంటే కెర్నల్ లోపలి సంగతులు ఫైళ్లుగా చూపించే ఫోల్డర్. అందులో రెగ్యులేటర్ ఫోల్డర్ కింద రెగ్యులేటర్ సమ్మరీ అనే ఫైలు ఉంటుంది. ఏ సరఫరాని ఎంతమంది ఆన్ చేయించుకున్నారు, ఎవరెవరు, ఎన్ని మిల్లీవోల్టులు, అన్నీ చెట్టులా చూపిస్తుంది. కింద చెప్పే ఏ సమస్యకైనా ముందు దీన్ని తెరవండి.

సమస్య: బూట్ అవగానే లైటు వెలుగుతుంది, అర నిమిషానికి ఆరిపోతుంది

కారణం: బూట్‌లోడర్ (కెర్నల్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) ఆ సరఫరాని ఆన్‌లో వదిలి వెళ్లింది. కెర్నల్ లేచాక 30 సెకన్లు ఆగి, ఎవరూ అడగని రెగ్యులేటర్లన్నిటినీ కట్టేస్తుంది. లాగ్‌లో ఆ ఎల్‌డీఓ (ఒక రకం రెగ్యులేటర్) పేరు పక్కన డిసేబ్లింగ్ అని ఒక ముక్క కనిపిస్తుంది. మరి మన డ్రైవర్ అడిగింది కదా అంటారా? ఇంకాస్త పైకి వెళ్లి చూడండి. సప్లై దొరకలేదు, డమ్మీ రెగ్యులేటర్ వాడుతున్నాను అని ఇంకో లైను ఉంటుంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే ఫైలు) ఎల్‌ఈడీ నోడ్‌కి సప్లై రాయలేదు కాబట్టి కెర్నల్ ఒక ఉత్తుత్తి రెగ్యులేటర్ని చేతిలో పెట్టింది. డ్రైవర్ దాన్ని ఆన్ చేసి సున్నా ఎర్రర్‌తో సంతోషంగా కూర్చుంది. అసలు గేటు దగ్గర మన పేరే లేదు.

పరిష్కారం: డివైస్ ట్రీలో ఆ ఎల్‌ఈడీ నోడ్‌కి సరైన సప్లై లైను రాయడం. పేరు డ్రైవర్ అడిగే పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. డ్రైవర్ వీసీసీ అని అడుగుతుంటే మీరు వీడీడీ అని రాస్తే మళ్లీ డమ్మీయే. చాలామంది ఇక్కడ రెగ్యులేటర్‌కి ఆల్వేస్ ఆన్ అని తగిలించి వెళ్లిపోతారు. లైటు వెలుగుతుంది, నిజమే. కానీ సోలార్ ప్యానెల్‌తో నడిచే పెట్టెలో రాత్రంతా ఆ చిప్ బ్యాటరీ తాగుతుంది. పైగా కింద చెప్పబోయే అసలు జబ్బు దాని చాటున దాక్కుంటుంది. అనుమానం తీర్చుకోవడానికి మాత్రమైతే, కొత్త కెర్నళ్లలో వాడని రెగ్యులేటర్ల జోలికి పోవద్దని చెప్పే బూట్ పారామీటర్ ఉంది. అది పెడితే లైటు ఆరకుండా ఉందంటే జబ్బు ఇదే.

సమస్య: ఆర్పిన తర్వాత మళ్లీ వెలగదు, ఎర్రర్ కూడా రాదు

మమ్మల్ని ఎక్కువ తిప్పించింది ఇదే. షాపులో బల్ల మీద వారం రోజులు నడిపాం, ఒక్కసారి తప్పలేదు. ఆకివీడు వైపు ఒక చెరువు మీద పెట్టాం. మొదటి రాత్రి బాగానే ఉంది. రెండో తెల్లవారుజామున సెన్సర్ అంకె పడిపోయింది, ప్రోగ్రామ్ బ్రైట్‌నెస్ ఫైలులో 255 (పూర్తి వెలుగు) రాసింది, ఫైలు చదివితే 255 అనే ఉంది, సరఫరాలో 3.3 వోల్టులూ ఉన్నాయి. లైటు మాత్రం లేదు. చెరువు యజమాని ఫోన్ చేసి, "ఏవండీ, మీ పెట్టె అన్నీ చెప్తోంది గానీ లైటేదండీ?" అన్నారు.

బల్ల మీద సెన్సరూ ఎల్‌ఈడీ చిప్పూ ఒకే ఎల్‌డీఓ మీద ఉండేవి. మేం ఎల్‌ఈడీ ఆర్పితే డ్రైవర్ డిసేబుల్ అనేది, లెక్క 2 నుంచి 1కి దిగేది, అంతే. సెన్సర్ పట్టుకుని ఉంది కాబట్టి కరెంటు నిజంగా ఎప్పుడూ పోలేదు. చెరువు మీద సెన్సర్‌కి పొడుగు కేబుల్ కావాలని వేరే సరఫరా ఇచ్చాం. దాంతో ఎల్‌ఈడీ ఒంటరిదైంది. ఆర్పగానే లెక్క 0, సరఫరా కట్, చిప్‌లోని రిజిస్టర్లన్నీ (అమరికలు దాచుకునే గళ్లు) తుడుచుకుపోయాయి. మళ్లీ ఆన్ చేసినప్పుడు మా డ్రైవర్ వెలుగు రిజిస్టర్ ఒక్కటే రాసేది. చిప్‌ని నిద్ర లేపే రిజిస్టర్, కరెంటు పరిమితి రిజిస్టర్ మాత్రం ప్రోబ్ సమయంలో, అంటే డ్రైవర్ మొదట చిప్‌ని పట్టుకున్నప్పుడు, ఒక్కసారి రాసి మర్చిపోయాం. చిప్ చెప్పింది విన్నది, నిద్రలోనే.

పరిష్కారం: లెక్క 0 నుంచి లేచిన ప్రతిసారీ చిప్ కొత్తగా పుట్టినట్టే అనుకోవాలి. రెగ్‌మ్యాప్ (రిజిస్టర్ల విలువల కాపీని కాష్‌లో ఉంచే కెర్నల్ సదుపాయం) వాడుతుంటే పని సులువు: ఆర్పేటప్పుడు కాష్‌ని డర్టీ అని గుర్తు పెట్టండి, వెలిగించేటప్పుడు సింక్ చేయండి, ఆ విలువలు చిప్‌లోకి తిరిగి వెళతాయి. చేత్తో రాసుకుంటే ఇనిట్ (చిప్‌కి మొదటి అమరికలు రాసే) ఫంక్షన్‌ని విడిగా తీసి, ఎనేబుల్ వెనకాలే పిలవండి. లైనక్స్‌లో ఉన్న ఏడబ్ల్యూ2013 అనే ఎల్‌ఈడీ చిప్ డ్రైవర్ ఈ పని ఎలా చేస్తుందో ఒకసారి చదవడం మంచిది. మూడు రంగులూ ఆరితేనే సరఫరా వదులుతుంది, మళ్లీ అవసరమైతే ఆన్ చేసి ఇనిట్ మొత్తం తిరిగి చేస్తుంది.

ఇది సరిచేశాక ఐ2సి ఎర్రర్ రావచ్చు, కంట్రోలర్‌ని బట్టి మైనస్ 6 గానీ మైనస్ 121 గానీ. అంటే చిప్ ఇంకా లేవకముందే మాట్లాడుతున్నారు. ఫిక్స్‌డ్ రెగ్యులేటర్ అయితే డివైస్ ట్రీలో స్టార్టప్ డిలే, పీఎంఐసీ (బోర్డు సరఫరాలన్నీ చూసుకునే చిప్) అయితే ఎనేబుల్ ర్యాంప్ డిలే పెట్టండి. రెండూ మైక్రోసెకన్లలోనే. చిప్ తన కోసం అడిగే సమయం మాత్రం డేటాషీట్ చూసి డ్రైవర్‌లో ఇవ్వాలి, రెగ్యులేటర్ నెత్తిన రుద్దకూడదు.

బల్ల మీద ఈ జబ్బు బయటపడాలంటే, అదే సరఫరా మీద ఉన్న మిగతా పరికరాల డ్రైవర్లని అన్‌బైండ్ చేయండి, అంటే పరికరం నుంచి విడదీయండి. బ్రైట్‌నెస్ 0 రాసి, సమ్మరీలో లెక్క నిజంగా 0 అయిందని చూసి, అప్పుడు 255 రాయండి.

సమస్య: లాగ్‌లో అన్‌బ్యాలెన్స్‌డ్ డిసేబుల్స్ అని గోల, లేదా లైటు ఆరినా సరఫరా ఆగదు

రెండూ ఒకే తప్పుకి రెండు ముఖాలు. బ్రైట్‌నెస్ 50, 100, 200 అని మారిన ప్రతిసారీ డ్రైవర్ ఎనేబుల్ అంటే లెక్క 3 అవుతుంది, ఒక్క డిసేబుల్‌తో దిగదు. అలాగే 0 మీద 0 రాస్తే దించడానికి లెక్కే మిగలక కెర్నల్ తిడుతుంది. డ్రైవర్‌లో ఎనేబుల్డ్ అనే ఒక జెండా, దానికో మ్యూటెక్స్ (ఒకసారి ఒకరినే లోపలికి వదిలే తాళం) పెట్టి, స్థితి మారినప్పుడు మాత్రమే పిలవండి.

సమస్య: మామూలుగా వెలుగుతుంది, టైమర్ ట్రిగ్గర్‌తో మిణుకుమనిపిస్తే కెర్నల్ కేకలు

రెగ్యులేటర్ని ఆన్ చేసే ఫంక్షన్ నిద్రపోవచ్చు (పని అయ్యేదాకా ఆగి కూర్చోవచ్చు), ఎందుకంటే లోపల మ్యూటెక్స్, తరచుగా ఐ2సి కూడా ఉంటాయి. టైమర్ పిలిచే చోట నిద్రపోకూడదు. డ్రైవర్‌లో బ్రైట్‌నెస్ సెట్ బదులు బ్రైట్‌నెస్ సెట్ బ్లాకింగ్ ఇస్తే ఎల్‌ఈడీ కోర్ ఆ పనిని వర్క్‌క్యూలోకి, అంటే నిద్రపోయినా ఫరవాలేని చోటికి, పంపుతుంది. అర సెకనుకోసారి మిణుకుమనే లైటుకి అర సెకనుకోసారి సరఫరా కట్టెయ్యడం కూడా తెలివైన పని కాదు. రన్‌టైమ్ పీఎంలో (వాడని పరికరాలకి కరెంటు ఆపే కెర్నల్ భాగం) ఆటోసస్పెండ్ పెట్టి, కొన్ని సెకన్లు ఖాళీగా ఉంటేనే వదలండి.

సమస్య: ఎల్‌ఈడీల ఫోల్డర్‌లో మన లైటు పేరే లేదు

రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా రాలేదు, అందుకే ఎల్‌ఈడీ డ్రైవర్ ఆగి చూస్తోంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డివైసెస్ డిఫర్డ్ ఫైలు చూస్తే ఎవరు ఆగారో తెలుస్తుంది, చాలాసార్లు ఎందుకో కూడా ఉంటుంది. సాధారణంగా పీఎంఐసీ మాడ్యూల్‌ని కెర్నల్ కాన్ఫిగ్‌లో పెట్టడం మర్చిపోయి ఉంటారు.

సమస్య: అంతా తలకిందులు, ఆర్పితే వెలుగుతుంది

జీపీఐఓతో (ప్రోగ్రామ్ ఆన్, ఆఫ్ చేయగల బోర్డు కాలు) నడిచే ఫిక్స్‌డ్ రెగ్యులేటర్‌లో ఎనేబుల్ యాక్టివ్ హై అనే మాట మర్చిపోయారు. అది లేకపోతే కెర్నల్ యాక్టివ్ లో అనుకుంటుంది. జీపీఐఓ లైనులో మీరు హై అని రాసినా చెల్లదు.

సమస్య: సాయంత్రం ఏరేటర్లు వేయగానే నీలం మసకబారుతుంది, ఎరుపు మాత్రం మామూలే

ఇది సాఫ్ట్‌వేర్ కాదు, సోలార్ కాకుండా అడాప్టర్‌తో నడిచే పెట్టెల సంగతి. నీలానికి సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకి 2 చాలు. సరఫరా కాస్త కుంగినా ముందు తెలిసేది నీలంలోనే. మైక్రోవోల్ట్స్ ఫైలులో 3300000 అని ఉంది కదా అని నమ్మకండి. చాలా రెగ్యులేటర్లకి అది పెట్టిన విలువే, కొలిచింది కాదు. గేటు ఎంత ఎత్తారో చెబుతుంది గానీ కాలువలో నీళ్లెంత ఉన్నాయో చెప్పదు. మల్టీమీటర్ ముళ్లు చిప్ సరఫరా కాళ్ల మీద పెట్టి ఏరేటర్లు వేయించండి. అంకె దిగితే అడాప్టర్ మార్చండి, కెర్నల్ జోలికి పోకండి.