రోడ్డు బైకుకు రేసు టైరు వద్దు

బైకుకు రేసు స్లిక్ టైర్లు, అంటే గాడులు లేని నున్నటి టైర్లు, వేయిస్తే పట్టు పెరుగుతుందని కొందరి ఉబలాటం. ట్రాక్ మీద నిజమే. ఆ రబ్బరు సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితేనే సరిగ్గా పట్టేది. అందుకే రేసుకు ముందు కరెంటుతో వేడెక్కే దుప్పట్లు చుట్టి ఉంచుతారు. సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే ట్రాఫిక్‌లో అంత వేడి ఎక్కడిది? చల్లారిన స్లిక్ కన్నా మామూలు టైరే నయం. ఇక వాన పడిందా, గాడులే లేవు కనుక నీరు పోయే దారి లేక చక్రం నీటి మీద తేలిపోతుంది. అరుగుదల సంగతి సరేసరి. కొనేముందు టైరు పక్క భాగం చదవండి: రహదారిపై వాడరాదని చాలావాటి మీద అచ్చు వేసే ఉంటుంది. పట్టే కావాలంటే, రోడ్డు కోసం తయారైన మెత్తటి రబ్బరు స్పోర్ట్స్ టైర్లు దొరుకుతాయి, అవి తీసుకోండి.