సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ పోతున్నారా? పాస్ కొనేముందు ఇవి చూసుకోండి

సంక్రాంతి సెలవులు ఇచ్చారంటే హన్మకొండ, వరంగల్, కాజీపేట ఇళ్లలో పిల్లల నోట మొదట వచ్చే మాట హైదరాబాద్. నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) నడుస్తుంటుంది, జూ ఉంది, చార్మినార్ దగ్గర గాజులున్నాయి, బోడుప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో చిన్నమ్మ వాళ్ల ఇల్లుంది. మహా అయితే రెండు మూడు రోజులు. ఇంత చిన్న ట్రిప్పులో జేబు ఖాళీ అయ్యేది పోను రాను ఛార్జీలతో కాదు, సిటీలో తిరిగే ఆటోలతో. ఆటోల పాలు కాకుండా ఉండాలంటే ఏ బస్సుకు ఏ టికెట్, ఎవరికి పాస్, ఎవరికి అక్కర్లేదు అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో పిల్లాణ్ని పట్టుకుని ఉప్పల్‌లో దిగాక అది తేలే పని కాదు.

పాస్ కొనాలా వద్దా అన్నది ఇంటిల్లిపాదికీ కలిపి చూసే లెక్క కాదు, మనిషి మనిషికీ విడిగా చూడాలి. 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తున్న మహాలక్ష్మి పథకంలో మన రాష్ట్ర ఆడవాళ్లకు, ఆడపిల్లలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాద్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ టికెట్ ఉచితం. కాబట్టి అమ్మ, అత్తమ్మ, బిడ్డ వెళ్తుంటే ఆ ముగ్గురికీ సిటీ బస్సు పాస్ కొనడం దండగ. బాపుకు, కొడుక్కు మాత్రమే లెక్క వేసుకోవాలి. ఇంత చిన్న విషయం మరిచి కౌంటర్ దగ్గర అందరికీ కలిపి డబ్బులు కట్టేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

ఉచితం అన్నారు కదా అని కార్డు లేకుండా బయల్దేరొద్దు. ఆధార్, ఓటరు కార్డు లాంటి ఒరిజినల్ గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, అందులో తెలంగాణ చిరునామా ఉండాలి, ఫోటో ముఖం గుర్తుపట్టేలా ఉండాలి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే, జిరాక్స్ ఇస్తే కుదరదని ఆర్టీసీ ముందే చెప్పింది. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి అదీ పనికిరాదు. రాష్ట్రం ఏర్పడక ముందు తీసుకున్న ఆధార్‌లో ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉంటే ప్రయాణానికి ముందే మీసేవకో ఆధార్ కేంద్రానికో వెళ్లి మార్పించుకోండి. మా వైపు పెద్దవాళ్ల కార్డుల్లో ఇది బాగా కనిపిస్తుంది. పైగా ఏళ్ల కిందటి ఫోటో, వేలిముద్రలు పడని చేతులు. కాబట్టి పండుగకు రెండు రోజుల ముందు మొదలుపెట్టే పని కాదది. ఇంకొకటి, ఉచితమైనా జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. కండక్టర్ ఇటు రాలేదు కదా అని కూర్చుంటే, చెకింగ్‌లో దొరికినప్పుడు కట్టాల్సిన 500 రూపాయల జరిమానా మనదే.

సూపర్ లగ్జరీ, డీలక్స్, ఏసీ బస్సుల్లో మహాలక్ష్మి వర్తించదు. హన్మకొండ బస్టాండ్‌లో ముందు కదిలే బస్సు ఏదైతే అది ఎక్కేసి, తర్వాత ఆధార్ తీసి చూపిస్తే గొడవ తప్ప ఫలితం ఉండదు. ఎక్కేముందు బోర్డు మీద రకం చూడండి. ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సులకూ ఇదే మాట.

ఇక మగవాళ్ల లెక్క. హైదరాబాద్‌లో రోజంతా తిరగడానికి ఆర్టీసీ ఇచ్చేది టీ-24 టికెట్. సిటీ బస్సు కండక్టర్ దగ్గరే దొరుకుతుంది. కొన్న నిమిషం నుంచి 24 గంటలు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఇదే: రాత్రి పన్నెండింటికి తేదీ మారితే అయిపోయే టికెట్ కాదిది. శనివారం సాయంత్రం నాలుగింటికి ఉప్పల్‌లో దిగి కొంటే ఆదివారం సాయంత్రం నాలుగు దాకా నడుస్తుంది. రెండు పూటలు తిరిగి, మళ్లీ ఉప్పల్ చేరేదాకా ఒకే టికెట్. అదే శనివారం విడి టికెట్లతో గడిపి ఆదివారం పొద్దున పదింటికి కొంటే, సాయంత్రం ఊరు బస్సు ఎక్కాక మిగిలిన గంటలన్నీ గాలికి పోయినట్టే. దిగిన వెంటనే కొనాలా, మరుసటి రోజు కొనాలా అన్నది తిరుగు ప్రయాణం ఎప్పుడన్న దాన్నిబట్టి చూసుకోండి.

టికెట్ చేతికి రాగానే చదవండి. మెషీన్‌లోంచి వచ్చే ఆ వేలెడు వెడల్పు కాగితం మీద తేదీ, టైము అచ్చయి ఉంటాయి. గంట తప్పు పడినా అప్పుడే చెప్పాలి. రెండు బస్సులు మారాక చెబితే వినేవాళ్లుండరు. అది వేడికి నల్లబడే కాగితం, చెమట పట్టిన చొక్కా జేబులో సాయంత్రానికి అక్షరాలు వెలిసిపోతాయి. పర్సులో, మడత పెట్టకుండా పెట్టుకోండి. ఫోటో తీసుకోవడం మంచిదే గానీ ఫోటో టికెట్ కాదు. పోతే పోయినట్టే.

అందరూ టీ-24 కొనాల్సిన పనీ లేదు. పొద్దున చిన్నమ్మ ఇంటి నుంచి జూకు, సాయంత్రం తిరిగి ఇంటికి, అంతే అయితే విడి టికెట్లే నయం. జూ, చార్మినార్, కోఠి, నాంపల్లి, మళ్లీ ఇల్లు అని ఐదారు బస్సులు మారేట్టుంటే టీ-24 అడగండి. 2025 అక్టోబర్ నుంచి సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెరిగాయి. అందువల్ల చిన్న చిన్న దూరాలు ఎక్కి దిగేవాళ్ల మీదే భారం ఎక్కువ పడింది, వాళ్లకే ఈ టికెట్ ఎక్కువ కలిసొస్తుంది. పాత వీడియోలు చూసి ఫ్యామిలీ-24, టీ-6 టికెట్లు అడగకండి. మహాలక్ష్మి వచ్చాక 2024 జనవరి 1 నుంచి అవి తీసేశారు. నెల పాస్ గురించి ఆలోచనే వద్దు. 2025 జూన్ సవరణ తర్వాత ఆర్డినరీ నెల పాసే 1,400 రూపాయలు, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ది 1,600. మూడు రోజుల చుట్టానికి అది ఎందుకు?

మెట్రో ఎక్స్‌ప్రెస్ అని బస్సు మీద రాసి ఉన్నా మెట్రో రైలుకూ దానికీ సంబంధం లేదు. టీ-24 చూపిస్తే రైలు గేటు తెరుచుకోదు, మహాలక్ష్మి అక్కడ చెల్లదు. రైలెక్కితే ఆడవాళ్లైనా మగవాళ్లైనా టికెట్ కొనాల్సిందే. 2025 మేలో సవరించినప్పుడు ఛార్జీలు 11 నుంచి 69 రూపాయల మధ్య పెట్టారు. ఆర్టీసీలోలా పిల్లలకు హాఫ్ టికెట్ ఉండదు. నలుగురైదుగురు దూరం పోవాల్సి వస్తే ఖర్చు ఇట్టే పెరుగుతుంది, అయితే ట్రాఫిక్ తప్పుతుంది. నా మటుకు నేను డబ్బు మిగలాలంటే బస్సు, టైము మిగలాలంటే రైలు అంటాను. పండుగ రోజుల్లో టైముకే విలువ ఎక్కువ.

మన వైపు నుంచి పోయేవాళ్లకు మెట్రో కలిసొచ్చేది ఎక్కడ దిగామన్న దాన్నిబట్టి. వరంగల్ బస్సులు ఉప్పల్ మీదుగానే పోతాయి. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా కూర్చోకుండా ఉప్పల్‌లోనే దిగితే స్కైవాక్ మీద నుంచి నేరుగా స్టేషన్‌లోకి పోవచ్చు. అక్కడి నుంచి నీలి లైన్ సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, అమీర్‌పేట, రాయదుర్గం దాకా ఉంది. కూకట్‌పల్లి పోయేవాళ్లు అమీర్‌పేటలో ఎర్ర లైన్‌కు మారాలి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వాళ్లు జేబీఎస్‌లో (జూబ్లీ బస్ స్టేషన్) దిగుతారు కదా, పక్కనే ఆకుపచ్చ లైన్ మొదలవుతుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్, నారాయణగూడ, సుల్తాన్ బజార్ మీదుగా ఎంజీబీఎస్ పోతుంది. కోఠిలో బట్టలు కొనేవాళ్లకు సుల్తాన్ బజార్ స్టేషనే దగ్గర.

మెట్రో పోని చోట్లు ముందే రాసి పెట్టుకోండి: చార్మినార్, జూ, గోల్కొండ. మెట్రో టికెట్ కొని ఎంజీబీఎస్ దాకా వచ్చి, అక్కడి నుంచి చార్మినార్‌కు ఆటో మాట్లాడితే మిగిలిందంతా ఆ ఆటోకే పోతుంది. ఈ మూడూ ఉన్న రోజునే బస్సు రోజుగా పెట్టుకుని టీ-24 కొనండి. హైటెక్ సిటీ, శిల్పారామం వైపు పోయే రోజున కొనకండి. జూకు సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు. ఆ రోజున టికెట్ తీసుకుని గేటు దాకా పోయి వెనక్కి రావడం కంటే దండగ ఇంకోటి లేదు.

నుమాయిష్ రోజు కాస్త వేరు. నాంపల్లి మైదానానికి నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లు రెండూ దగ్గరే. వచ్చేటప్పుడు టికెట్ లైన్లు బయటి దాకా ఉంటాయి. వాట్సాప్‌లో క్యూఆర్ టికెట్ తీసుకోవడం పోయేముందే ఇంట్లో ఒకరికైనా నేర్పండి, అప్పుడు లైన్ ఉండదు. రాత్రి 11 తర్వాత రైలు ఉంటుందని లెక్క పెట్టుకోవద్దు. ఎగ్జిబిషన్ కోసం సమయం పొడిగించిన రోజులున్నా, ఆ రోజు ఉందో లేదో స్టేషన్‌లో అడిగాకే లోపలికి పోండి. పిల్లలు జెయింట్ వీల్ ఇంకోసారి అంటారు, గడియారం చూసే పని పెద్దవాళ్లదే.

స్టేషన్ గేటు దగ్గర బ్యాగులన్నీ స్కాన్ అవుతాయి. సకినాల డబ్బా, అప్పాల సంచి ఏమీ అనరు. పండ్లు కోయడానికి పెట్టుకున్న కత్తి మాత్రం ఆపేస్తారు. చిన్నమ్మకని నాటుకోడిని ప్రాణంతో పట్టుకుపోదాం అనుకునేవాళ్లు ఎర్ర బస్సునే నమ్ముకోండి, టికెట్ కొట్టినా ఎక్కనిస్తారు.

ఊరి నుంచే రైల్లో పోయేవాళ్లు టికెట్ మీద దిగే స్టేషన్ పేరు మళ్లీ చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు, సికింద్రాబాద్ స్టేషన్‌లో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లను అక్కడికి మళ్లించారు. చర్లపల్లికి మెట్రో లేదు. సిటీ బస్సు పట్టుకోవాలి, లేదంటే ఆటో. సికింద్రాబాద్‌లో దిగితే మెట్రో కూతవేటు దూరమే.

పండుగ రోజుల్లో ఛార్జీల టెన్షన్ కూడా కొంచెం ఉంటుంది. రెగ్యులర్ సర్వీసులకు మామూలు ఛార్జే. స్పెషల్ బస్సులకు మాత్రం ఒకటిన్నర రెట్ల దాకా తీసుకోవచ్చని 2003 నాటి జీవో 16 ఉంది. బస్సు మీద స్పెషల్ అని ఉంటే ఛార్జీ అడిగి ఎక్కండి. నిజానికి మనం వెళ్లేది రద్దీకి ఎదురు దిక్కు. పండుగ ముందు సిటీ జనమంతా ఊళ్లకు వస్తుంటే మనం అటు పోతాం, సీటు దొరకడం అంత కష్టం కాదు. కష్టమల్లా ఉప్పల్–నారపల్లి మధ్యే, ఏళ్ల తరబడి సాగిన ఫ్లైఓవర్ పనుల దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం. టీ-24 టైము అయిపోయే లోపు ఉప్పల్ చేరాలనుకుంటే అటువైపు కూడా ఒక గంట అదనంగా పెట్టుకోండి. మేడారం జాతర జరిగే ఏడాది అయితే, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా వేల బస్సులు అటు పోతాయి. ఆ రోజుల్లో తిరుగు ప్రయాణానికి సీటు రిజర్వ్ చేయించుకున్నాకే హైదరాబాద్‌లో అడుగు పెట్టండి.