గడ్డకట్టే చలిలో డీజిల్ కారు: ఇంధనాన్ని ముందే ఎలా సిద్ధం చేయాలి?

చండీగఢ్‌లో ట్యాంకు నింపుకుని జనవరిలో స్పితి లోయకు వెళ్లారనుకోండి. అక్కడి కాజా ఊళ్లో తెల్లారి కారు మామూలుగానే స్టార్టవుతుంది, కాసేపు నడుస్తుంది, ఆపైన గుంజుతూ ఆగిపోతుంది. డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టే అదీ పేరుకుని ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం శీతాకాలపు డీజిల్ 6 డిగ్రీల వరకు ఫిల్టర్‌లోంచి పారితే చాలు. స్పితిలో రాత్రి సున్నాకు 20 డిగ్రీల కిందికి పోతుంది.

1. బయల్దేరే ముందు డీజిల్ ఫిల్టర్ మార్పించండి, ఇంకొకటి డిక్కీలో పెట్టుకోండి. పాతది ఉంచదలిస్తే కనీసం అడుగున చేరిన నీటినైనా తీసేయాలి: కింద గిన్నె పెట్టి, డ్రెయిన్ స్క్రూను వదులు చేసి, బుడగలు లేని శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. ఆ నీరు కూడా చలికి గడ్డకడుతుంది.

2. యాంటీజెల్ మందు కలపండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పేరుకున్న మైనాన్ని ఈ మందు కరిగించదు. స్ఫటికాలు పెద్దవి కాకుండా ఆపుతుందంతే. అందుకే కొండ ఎక్కకముందే, డీజిల్ ఇంకా తేటగా, కాస్త వెచ్చగా ఉన్నప్పుడే పోయాలి. మోతాదు సీసా మీద చూడండి. 1:1000 అని ఉంటే 50 లీటర్లకు 50 మిల్లీలీటర్లు. ముందు మందు, ఆపైన డీజిల్ పోయిస్తే బాగా కలుస్తుంది. తర్వాత ఓ 20 నిమిషాలు నడపండి. లేదంటే పైపుల్లో, ఫిల్టర్‌లో పాత డీజిలే మిగిలి, ట్యాంకులో మందున్నా బండి ఆగిపోతుంది.

3. లద్దాఖ్ వెళ్తుంటే ట్యాంకులో మైదానపు డీజిల్ తక్కువగా ఉండేలా చూసుకుని, అక్కడి వింటర్ డీజిల్ నింపండి. ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చిన ఈ రకం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టదు. బంకులో ఏ రకం పోస్తున్నారో అడిగి మరీ పోయించుకోండి.

4. రాత్రి ఆపేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ జాగా ఎంతుంటే లోపల అంత తేమ చెమర్చి నీరవుతుంది.

అనుమానముంటే గాజుసీసాలో కొంచెం డీజిల్ పోసి రాత్రంతా బయట ఉంచండి. పొద్దున్నే అది కలి నీళ్లలా మసకబారితే స్టార్ట్ చేయకముందే జాగ్రత్త పడొచ్చు.

కిరోసిన్ కలపమని లారీ డ్రైవర్లు సలహా ఇస్తారు. పాత బండ్లకు నడిచిందేమో గానీ, బీఎస్-6 కార్లలో హైప్రెషర్ పంపుకు డీజిలే కందెన. కిరోసిన్‌లో ఆ జిడ్డు చాలదు. పెట్రోల్ అసలే వద్దు.

ఇంత చేసినా ఆగిపోతే పదేపదే సెల్ఫ్ కొట్టకండి, బ్యాటరీ పోతుంది. ట్యాంకు కింద మంట అసలు పెట్టకండి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డలు ఫిల్టర్‌కు చుట్టండి, లేదా కారును వెచ్చని షెడ్డులోకి తోయించండి. ఫిల్టర్ మారిస్తే గాలి చొరబడుతుంది: ఫిల్టర్ దగ్గర డీజిల్‌ను చేత్తో నెట్టే హ్యాండ్ పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి, లేకుంటే సెల్ఫ్ కొట్టకుండా తాళం మూడు నాలుగుసార్లు ఆన్ చేసి ఆపండి. ఆ తర్వాత గ్లో ప్లగ్ (ఇంజన్‌ను ముందుగా వేడిచేసేది) లైటు ఆరాకే స్టార్ట్ చేయండి.