ఇంగ్లండ్ న్యూ టౌన్‌లో ఉంటున్నారా? మీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌ని పట్టుకోవడం ఇలా

హ్యాట్‌ఫీల్డ్‌లో మాస్టర్స్ చేస్తున్నవాళ్ళు, మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం దొరికి వచ్చినవాళ్ళు, గ్యాట్విక్ ఎయిర్‌పోర్ట్ దగ్గర పని కాబట్టి క్రాలీలో ఇల్లు తీసుకున్నవాళ్ళు, ఇది మీకోసం. ఇంగ్లండ్ వచ్చాక ఒక్కసారైనా స్టేడియంలో ఫుట్‌బాల్ చూడాలని అందరికీ ఉంటుంది. ఆర్సెనల్‌కి వెళ్దామంటే ముందు మెంబర్‌షిప్, తర్వాత లాటరీ, అదీ తగిలితేనే టికెట్. విసుగొచ్చి ఫోన్లో స్కోరు చూస్తూ గదిలో ఉండిపోతారు. మీరున్న ఊళ్ళోనో, రైల్లో నాలుగు స్టేషన్ల అవతలో ఒక ప్రొఫెషనల్ క్లబ్ ఆడుతూ ఉంటుంది, ఆ గేటు దగ్గర టికెట్ కోసం ఎవరూ కొట్టుకోరు. దాన్ని ఎలా మనది చేసుకోవాలో చెప్తాను.

ముందు మీ ఊరు ఎలాంటిదో తెలుసుకోండి, ఎందుకంటే క్లబ్ కథంతా దాంట్లోనే ఉంది. యుద్ధంలో బాంబులు పడి లండన్ సగం గుల్లయింది, మిగిలిన చోట ఇరుకు ఇళ్ళు. 1946లో న్యూ టౌన్స్ చట్టం తెచ్చి, లండన్ చుట్టూ పొలాల్లో ప్లాన్ గీసి కొత్త ఊళ్ళు కట్టారు. అదే ఏడాది నవంబర్‌లో మొదట స్టీవనేజ్‌ని ప్రకటించారు, ఆ తర్వాత రెండు మూడేళ్ళలో క్రాలీ, హార్లో, హెమెల్ హెంప్‌స్టెడ్, హ్యాట్‌ఫీల్డ్, బాసిల్డన్ వరుసగా వచ్చాయి. మిల్టన్ కీన్స్ బాగా ఆలస్యంగా, 1967లో. స్టీవనేజ్‌లో అప్పటికే ఉన్న జనానికి ఇది అస్సలు నచ్చలేదు. నచ్చజెప్పడానికి వచ్చిన మంత్రి లూయిస్ సిల్కిన్ కారు టైర్లలో గాలి తీసేశారు, స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు తీసి రష్యా ఊరి పేరులా ‘సిల్కిన్‌గ్రాడ్’ అని పెట్టారు. భూసేకరణ గొడవలు మనకి కొత్త కాదు కాబట్టి ఇది చదివితే ఎవరిమీద జాలి పడాలో మీకే తెలుస్తుంది.

ప్లాన్‌లో ఇళ్ళు, బళ్ళు, ఫ్యాక్టరీలు, షాపులు, సైకిల్ దారులు అన్నీ ఉన్నాయి. పార్కుల్లో ఆడుకోవడానికి మైదానాలూ ఉన్నాయి. కానీ క్లబ్ మీద అభిమానాన్ని ప్లాన్‌లో గీయలేరుగా. లండన్ నుంచి వచ్చినవాళ్ళు తమ టీముల్ని వెంట తెచ్చుకున్నారు: టోటెన్‌హామ్, ఆర్సెనల్, వెస్ట్ హామ్. కేపీహెచ్‌బీలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నా సంక్రాంతికి బస్సెక్కి గోదావరి జిల్లాలకి వెళ్ళేవాళ్ళలాగే, వీళ్ళు శనివారం రైలెక్కి లండన్ వెళ్ళిపోయేవారు. వాళ్ళ పిల్లలూ అంతే. అందుకే న్యూ టౌన్ క్లబ్బులకి జనం తక్కువ, మిగతా ఊళ్ళవాళ్ళు వీటిని ‘చరిత్ర లేని క్లబ్బులు’ అని ఎగతాళి చేస్తారు. నాకైతే అదే మనకి కలిసొచ్చిందనిపిస్తుంది. లివర్‌పూల్ లాంటి చోట మా తాత కూడా ఇదే స్టాండ్‌లో నిలబడ్డాడు అనేవాళ్ళ మధ్య మనం ఎప్పటికీ చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళమే. ఇక్కడ అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే, మనం కాస్త లేటుగా వచ్చాం, అంతే తేడా.

ఇక ఏ క్లబ్? దగ్గర్లో ఉన్నదే. టేబుల్ చూసి ఎంచుకోవద్దు, ఎందుకంటే ఈ క్లబ్బులు ఏడాదికోసారి పైకీ కిందికీ పోతుంటాయి, మీరు ఎంచుకున్న డివిజన్ వచ్చే ఏడాది ఉండకపోవచ్చు. ప్రీమియర్ లీగ్ కింద ఛాంపియన్‌షిప్, దాని కింద లీగ్ వన్, లీగ్ టూ, ఆ కింద నేషనల్ లీగ్, అక్కడినుంచి కిందికి ఊరూరా చిన్న లీగులు. మనం మాట్లాడుకునే క్లబ్బులు ఎక్కువగా లీగ్ వన్, టూల మధ్య తిరుగుతుంటాయి.

హ్యాట్‌ఫీల్డ్, వెల్విన్ గార్డెన్ సిటీ వైపు ఉంటే స్టీవనేజ్, ఇంకో ఆలోచన వద్దు. ఈ ఊళ్ళో అంతకుముందున్న క్లబ్ 1976లో మూతపడితే అదే ఏడాది కొత్తది పెట్టుకుని, మునిసిపల్ గ్రౌండ్‌లో అట్టడుగు లీగుల నుంచి మొదలుపెట్టి పైకొచ్చారు. 1996లో కాన్ఫరెన్స్ (ఇప్పటి నేషనల్ లీగ్) గెలిచారు, అంటే పైనున్న ఫుట్‌బాల్ లీగ్‌లోకి (ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, టూ కలిపి ఆ పేరు) వెళ్ళే హక్కు వచ్చినట్టే. కానీ గడువులోపు స్టేడియం నిబంధనలకి సరిపోలేదని ఆపేశారు, కోర్టుకెళ్ళినా పని కాలేదు. దాంతో ఫుట్‌బాల్ లీగ్‌లో ఆఖరున నిలిచిన టార్కీ క్లబ్ కిందికి దిగకుండా బతికిపోయింది. ఆ తలుపు తెరుచుకోవడానికి ఇంకో పద్నాలుగేళ్ళు పట్టింది, 2010లో లీగ్‌లోకి వచ్చారు, మరుసటి ఏడాదే లీగ్ వన్‌కి ఎక్కారు. ఆ సీజన్‌లోనే ఎఫ్.ఏ. కప్‌లో (చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ పోటీ) న్యూకాజిల్‌ని 3-1తో కొట్టారు. 2023 జనవరిలో ఆస్టన్ విల్లాని వాళ్ళ గ్రౌండ్‌లోనే 2-1తో ఓడించారు. ఆ ఊరివాళ్ళతో కబుర్లు కలపాలంటే ఈ మూడు సంగతులు తెలిస్తే చాలు, మిగతాది వాళ్ళే ఆపకుండా చెప్తారు.

మిల్టన్ కీన్స్‌లో ఉంటే కథ వేరు, అక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఊరు పెరిగిపోయింది, పెద్ద క్లబ్ మాత్రం లేదు. లండన్‌లో వింబుల్డన్ క్లబ్‌కి ఊరుంది, సొంత గ్రౌండ్ లేదు. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్.ఏ. కప్ గెలిచిన క్లబ్బే, కానీ 1991లో తన గ్రౌండ్ వదిలేసి వేరేవాళ్ళ గ్రౌండ్‌లో అద్దెకి ఆడేది. 2002లో ఫుట్‌బాల్ అసోసియేషన్ వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ ఇద్దరి మాటతో ఆ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి మార్చుకోవచ్చని ఒప్పుకుంది. 2003లో క్లబ్ వచ్చేసింది, 2004లో పేరు ఎంకే డాన్స్ అయింది. వింబుల్డన్ అభిమానులు ఊరుకోలేదు, 2002లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకుని, పార్కులో సెలక్షన్లు జరిపి, తొమ్మిదేళ్ళలో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. పాత కప్పుల వారసత్వాన్ని కూడా ఎంకే డాన్స్ 2007లో వదులుకోవాల్సి వచ్చింది. ఈ రెండు క్లబ్బులు ఒకే డివిజన్‌లో ఉన్న ఏడాది మ్యాచ్ టెన్షన్ మామూలుగా ఉండదు, పోలీసులు ఎక్కువుంటారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టొద్దు. పక్క సీటాయనతో ‘మీది పాత వింబుల్డనే కదా’ అని అసలే అనొద్దు.

జరిగింది నాకు నచ్చదు, ఒక ఊరి క్లబ్‌ని ఎత్తుకుపోవడం తప్పే. అలాగని 2004 తర్వాత ఆ ఊళ్ళో పుట్టి, ఆ తెల్ల జెర్సీ వేసుకుని పెరిగిన పిల్లలు ఏం చేశారు? వాళ్ళ క్లబ్ వాళ్ళది. 2014 ఆగస్టులో లీగ్ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 4-0తో చితక్కొట్టిన రాత్రి వాళ్ళకి నిజంగా జరిగిందే, దాన్ని ఎవరూ లాక్కోలేరు. ఇలాంటిదే స్కాట్లండ్‌లోనూ ఉంది. ఎడిన్‌బరా క్లబ్ మెడోబ్యాంక్ థిజిల్‌ని 1995లో లివింగ్‌స్టన్ అనే న్యూ టౌన్‌కి మార్చి పేరు మార్చేస్తే అప్పుడూ నిరసనలు జరిగాయి, 2004లో ఆ క్లబ్ స్కాటిష్ లీగ్ కప్ గెలిచింది. ఎడిన్‌బరాలో చదువుకుంటున్నవాళ్ళు ఓ శనివారం వెళ్ళి రావచ్చు.

క్రాలీ సంగతి: క్లబ్ 1896 నాటిది, అంటే న్యూ టౌన్ కంటే యాభై ఏళ్ళు పెద్దది. స్టేడియం కట్టింది కౌన్సిల్, 1997 నుంచి అక్కడే ఆడుతున్నారు. 2022లో క్రిప్టో డబ్బుతో అమెరికా వాళ్ళు కొన్నారు, అందరూ నవ్వారు. 2024లో పై డివిజన్‌కి ఎక్కడానికి ఆడే ప్లేఆఫ్‌లో ఎంకే డాన్స్‌ని రెండు మ్యాచులు కలిపి 8-1తో కొట్టి, వెంబ్లీలో గెలిచి లీగ్ వన్‌కి ఎక్కారు, ఏడాది తిరక్కుండా మళ్ళీ దిగిపోయారు. టెల్ఫర్డ్, హార్లో వైపు ఉన్నవాళ్ళకి ఇంకా చిన్న లీగులు, అక్కడ మజా అదోరకం. 1980లో హార్లో టౌన్ లెస్టర్ సిటీని ఎఫ్.ఏ. కప్ నుంచి బయటికి పంపిందంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

సరే, పని మొదలుపెడదాం. మ్యాచులు ఆగస్టు నుంచి మే మొదటి వారం దాకా, ఎక్కువగా శనివారం మధ్యాహ్నం 3కి, అప్పుడప్పుడు మంగళవారం రాత్రి. శనివారం 2:45 నుంచి 5:15 దాకా ఇంగ్లండ్ టీవీలో లైవ్ ఫుట్‌బాల్ చూపించరు, చిన్న క్లబ్బులకి వచ్చే జనం తగ్గకూడదనే ఆ ఏర్పాటు, కాబట్టి ఆ టైమ్‌లో ఇల్లు వదిలి వెళ్ళినా మీరు పోగొట్టుకునేదీ ఏమీ లేదు. టికెట్ క్లబ్ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి, ముందురోజు కొంటే చాలాచోట్ల గేటు దగ్గరకంటే కాస్త తక్కువ పడుతుంది, స్టూడెంట్లకి, యువకులకి వేరే రేటు ఉందేమో చూసుకోండి. బ్లాక్‌లో అమ్మే సైట్ల జోలికి పోనక్కర్లేదు, ఇక్కడ సీట్లు మిగిలిపోతాయి. మిల్టన్ కీన్స్ స్టేడియంలో ముప్పై వేల పైచిలుకు సీట్లుంటే చాలా మ్యాచులకి ముప్పాతిక ఖాళీ. సీట్లు మాత్రం మెత్తగా, సినిమా హాల్లోలా ఉంటాయి.

టికెట్ కొనేటప్పుడు ఒక్కటే చూడండి: హోం స్టాండా (ఆ ఊరి క్లబ్ వాళ్ళది), అవే స్టాండా (బయటి టీమ్ వాళ్ళది). పొరపాటున అవతలి టీమ్ వాళ్ళ మధ్య కూర్చుంటే మీరు ఇబ్బంది పడతారు, స్టీవార్డులు (స్టేడియం సిబ్బంది) లేపి పంపుతారు. స్టీవనేజ్‌లో అయితే ఈస్ట్ టెర్రస్ తీసుకోండి. అక్కడ నిలబడి చూడాలి, పైన కప్పుంది, పాటలు అరుపులు అన్నీ అక్కడినుంచే. ఇంగ్లండ్‌లో పై డివిజన్లలో నిలబడి చూసే పాత టెర్రస్‌లు పోయాయి, ఇలాంటి చోటే మిగిలాయి. కుటుంబంతో, చిన్నపిల్లలతో వెళ్తే మెయిన్ స్టాండ్‌లో సీటు తీసుకోవడం నయం, టెర్రస్‌లో బూతులు వినపడతాయి మరి.

రైలుకి రైల్‌కార్డ్ వాడండి, ఛార్జీ మూడోవంతు తగ్గుతుంది. పదహారు నుంచి ఇరవై అయిదేళ్ళ వాళ్ళకే కాదు, వయసు దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్లకి అదే కార్డు ఇస్తారు, ఇది చాలామందికి తెలీదు. స్టీవనేజ్ స్టేషన్ నుంచి స్టేడియం ఇరవై నిమిషాల నడక. ఓ గంట ముందే దిగి, దారిలో టౌన్ స్క్వేర్ చూడండి. కార్లు రాకుండా మొదటినుంచీ నడిచేవాళ్ళ కోసమే కట్టిన షాపింగ్ సెంటర్ బ్రిటన్‌లో అదే మొదటిది, 1959లో రాణి వచ్చి ప్రారంభించింది. రోడ్డు దాటడానికి సిగ్నల్ వెతుక్కోవద్దు, సైకిల్ దారీ నడక దారీ రోడ్ల కిందనుంచి వెళ్తాయి. స్టేడియం ఎదురుగా ఫెయిర్‌లాండ్స్ వ్యాలీ పార్కు, చెరువు, పిల్లలు ఉంటే మ్యాచ్ కంటే అదే నచ్చచ్చు.

మిల్టన్ కీన్స్‌లో మాత్రం నడక ఉత్సాహం తగ్గించుకోండి. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే స్టేడియం మూడు మైళ్ళ పైనే, బ్లెచ్లీలో దిగితే నడిచేయచ్చు. రోడ్లన్నీ గళ్ళ కాగితంలా గీసి అడ్డంవాటికి హెచ్, నిలువువాటికి వి అని నంబర్లిచ్చారు, ప్రతి కూడలికీ ఒక రౌండబౌట్, ఏది చూసినా ఒకేలా ఉంటుంది. మ్యాప్ పెట్టుకునే నడవండి. స్టేడియం పక్కనే ఐకియా, ఆస్డా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు, ఆ షాపులతో కలిపి ప్లాన్ చేయడం వల్లే స్టేడియానికి డబ్బు సమకూరింది.

తిండి విషయం. ‘పై’ (లోపల మాంసం కూరి బేక్ చేసే వంటకం) అని అడిగితే మామూలుగా వచ్చేది స్టేక్ పై, అంటే బీఫ్. తిననివాళ్ళు చికెన్ బాల్టీ పై అడగండి, ఇంగ్లిష్ ఫుట్‌బాల్ గ్రౌండ్లలో బాగా పేరున్నదే, కారం మన లెక్కలో లేనట్టే. శాకాహారులు చిప్స్‌తో సరిపెట్టుకోవాల్సి రావచ్చు, తినేసి వెళ్తే గొడవ లేదు. బీరు స్టాండ్ లోపల మైదానం కనిపించే చోటుకి తీసుకెళ్ళకూడదు, 1985 నుంచి చట్టమే ఉంది, తాగేవాళ్ళు కింద కౌంటర్ దగ్గరే ముగించి రావాలి. గోల్ పడిందని ఆవేశంలో మైదానంలోకి దూకారో, అది నేరం. 2011లో న్యూకాజిల్‌ని ఓడించిన రోజు లోపలికి పరుగెత్తినవాళ్ళలో ఒకడు స్టీవనేజ్ ఆటగాడినే కొట్టాడు. వీసా మీద ఉన్నవాళ్ళకి పోలీసు కేసు ఎంత ఖరీదో నేను చెప్పక్కర్లేదు. ఎవరైనా మీ రంగు గురించి, దేశం గురించి నోరు జారితే భరించక్కర్లేదు, వాదనకి దిగకుండా స్టీవార్డ్‌కి చెప్పండి, సీటు నంబర్ గుర్తుపెట్టుకుంటే పని తేలికవుతుంది.

చలికి మాత్రం సిద్ధంగా వెళ్ళండి. జనవరిలో నిలబడి రెండు గంటలంటే జీన్స్ మీద జాకెట్ వేస్తే చాలదు, లోపల థర్మల్స్, రెండు జతల సాక్సులు కావాలి.

ఖర్చు తక్కువలో రుచి చూడాలంటే ఈఎఫ్‌ఎల్ ట్రోఫీ (లీగ్ వన్, టూ క్లబ్బులు ఆడే కప్ పోటీ) మ్యాచులు పట్టుకోండి. 2016 నుంచి ఇందులో ప్రీమియర్ లీగ్ క్లబ్బుల అండర్-21 టీముల్ని కూడా ఆడిస్తున్నారని చాలామంది అభిమానులు అలిగి రారు, అందుకని టికెట్ చవక, గ్రౌండ్ ఖాళీ, రేపటి స్టార్లు మీ ముందే వార్మప్ చేస్తుంటారు. నవంబర్ మొదట్లో ఎఫ్.ఏ. కప్ మొదటి రౌండ్ వస్తుంది, లీగ్ వన్, టూ క్లబ్బులు అక్కడే చేరతాయి. రెండు రౌండ్లు దాటితే జనవరిలో పెద్ద క్లబ్ తగలచ్చు, ఆ ఒక్క మ్యాచ్‌కి మాత్రం టికెట్ల కోసం తోసుకుంటారు, అప్పుడు క్లబ్బులు మామూలుగా అంతకుముందు మ్యాచులకి టికెట్ కొన్నవాళ్ళకే ముందు అవకాశం ఇస్తాయి. కాబట్టి అక్టోబర్ లోపే మీ పేరుతో వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి, అందులోంచే కొంటూ ఉండండి, స్నేహితుడి అకౌంట్లో కొంటే ఆ లెక్క అతనికే పోతుంది. స్కార్ఫ్ కొంటే క్లబ్ షాపులో ఒకే క్లబ్‌ది కొనండి, బయట రోడ్డు మీద రెండు టీముల రంగులూ సగం సగం వేసి అమ్మేది మెడలో వేసుకుని టెర్రస్‌కి వెళ్ళొద్దు, అది టూరిస్టుల గుర్తు.